పుట్టింటికి పంపే ముందు

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక హెబియస్ కార్పస్ పిటిషన్‌లో ఇచ్చిన ఆదేశం గురించి మన సంఘాల్లో జరగవలసినంత చర్చ జరగలేదు. ఇద్దరు యువతులు కలిసి జీవిస్తున్నారు. వారిలో ఒకరిని తండ్రి తన ఇంట్లో నిర్బంధించాడంటూ రెండవ యువతి కోర్టుకు వెళ్లింది. మేజరయిన స్త్రీకి తాను ఎవరితో కలిసి బతకాలో నిర్ణయించుకునే హక్కు ఉందనీ, కుటుంబం అందులో జోక్యం చేసుకోరాదనీ కోర్టు చెప్పింది. మంచి ఆదేశం. అయితే సామాజిక శాస్త్ర పరిశోధకురాలిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కోర్టు చెప్పిన మాట కాదు, కోర్టు దాకా రావడానికి ముందు గడిచిన రోజులు. చిన్న పట్టణంలో నాలుగు గోడల మధ్య ఉన్న అమ్మాయికి హైకోర్టు ఎంత దూరం? బయట ఆమె కోసం తిరిగే మనిషి లేకపోతే, వకీలుకు ఇచ్చే డబ్బు లేకపోతే, పోలీసు స్టేషన్లో ఆ మాట వినేవాళ్లు లేకపోతే ఏమయ్యేది? అలా కోర్టు దాకా రాలేనివాళ్ల గురించే ఈ సంపాదకీయం.

హైదరాబాదులో 2013 నుంచి ప్రైడ్ ఊరేగింపులు జరిగాయి. పెద్ద నగరాల్లో స్వలింగ ప్రేమికులకూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ తమ సంఘాలున్నాయి, స్నేహబృందాలున్నాయి. మండల కేంద్రంలో అవేవీ లేవు. అక్కడ ఇంట్లోంచి బయటపడ్డ మనిషి మొదట తట్టే తలుపు మనది. మహిళా సంఘం ఆఫీసు, కుటుంబ సలహా కేంద్రం, సఖి కేంద్రం, ఆశా కార్యకర్త ఇల్లు, 181 నంబరు. ఆ తలుపు తీశాక మనం ఏం చేస్తున్నాం అన్నదే నా ప్రశ్న. నేను చూసినంత మేరకు చాలాచోట్ల చేస్తున్నది ఒకటే: కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తల్లిదండ్రులకు ఫోను చేసి, ఇరువర్గాలకూ నచ్చజెప్పి ఇంటికి పంపడం. ఇందులో దురుద్దేశం లేదు. కానీ ఈ మనుషుల విషయంలో నచ్చజెప్పి పంపడమంటే హింస జరిగిన చోటికే తిరిగి పంపడం.

ఈ ప్రశ్న మన ఉద్యమానికి కొత్తది కాదు. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు, అందుకు వాళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. వాళ్లు నగరాల్లో పుట్టి పెరిగిన ధనిక స్త్రీలు కారు, మామూలు కుటుంబాల నుంచి వచ్చిన ఉద్యోగినులు. స్వతంత్ర మహిళా ఉద్యమాల జాతీయ సదస్సు 1994లో తిరుపతిలో, మన గడ్డ మీదే జరిగింది. స్త్రీల మధ్య ప్రేమ గురించి బహిరంగంగా మాట్లాడాలా వద్దా అన్న వాదన ఆ కాలం నుంచీ మన సభల్లో ఉంది. 'ముందు కూలి, నీళ్లు, సారా, కట్నం సమస్యలు తేలనివ్వండి, ఇవి తరవాత' అన్న జవాబు కూడా అప్పటి నుంచీ ఉంది. ఆ 'తరవాత' ఎప్పటికీ రాలేదు. ఈలోగా చట్టం ఎటెటో నడిచింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను 2009లో ఢిల్లీ హైకోర్టు మేజర్ల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ సరిదిద్దింది. నేరం అన్న ముద్ర పోయింది. ఇంటి తలుపుకు వేసిన గొళ్లెం మాత్రం పోలేదు.

'ఇవన్నీ పట్నం పోకడలు, మన ఊళ్లలో ఇలాంటివి లేవు' అనేవాళ్లకు ఊరు తెలియదనుకోవాలి. తెలంగాణ జాతరల్లో శివసత్తులుగా చీర కట్టి, పసుపు పూసుకుని పూనకంతో ఆడే మగపుట్టుక వాళ్లను మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. పొలం పనుల్లో, మిల్లుల్లో, హాస్టళ్లలో విడదీయరానంతగా కలిసి తిరిగే స్నేహితురాళ్లను చూస్తున్నాం. మగరాయుడన్న పేరుతో పెరిగిన ఆడపిల్లలనూ, ఆడంగి అన్న ఎగతాళితో బడి మానేసిన మగపిల్లలనూ చూస్తున్నాం. లెస్బియన్, గే, ట్రాన్స్‌జెండర్, క్వీర్ అనే మాటలు వీళ్లలో చాలామంది తమకు వాడుకోరు. వాడుకోనంత మాత్రాన వాళ్లు లేకుండా పోరు. పేరు పెట్టుకోమని మనం బలవంతపెట్టనవసరం లేదు కూడా.

నిజానికి ఊరు చాలా విషయాలను చూసీచూడనట్టు ఊరుకుంటుంది. ఒక హద్దు దాకా. ఆ హద్దు పేరు పెళ్లి. ఇద్దరు అమ్మాయిలు ఒకే కంచంలో తిన్నా, ఒకే చాప మీద పడుకున్నా ఎవరూ పట్టించుకోరు. వాళ్లలో ఒకరు 'నేను పెళ్లి చేసుకోను' అన్న రోజున ఇల్లంతా మేలుకుంటుంది. ఎందుకంటే మన సమాజంలో పెళ్లి ఇద్దరి వ్యవహారం కాదు. కులం దాని మీద నిలబడింది, ఆస్తి దాని మీదుగా చేతులు మారుతుంది, తండ్రి పరువు, చెల్లెలి సంబంధం, తమ్ముడి కట్నం అన్నీ దానికి ముడిపడి ఉన్నాయి. పెళ్లి వద్దన్న కూతురు ఈ మొత్తం ఏర్పాటుకు అడ్డుపడినట్టు లెక్క. అందుకే కులాంతర ప్రేమ మీద పడే దెబ్బా, స్వలింగ ప్రేమ మీద పడే దెబ్బా ఒకే చేతి నుంచి వస్తాయి. ఆ ఇద్దరిలో ఒకరు దళిత యువతి అయితే దెబ్బ రెండింతలవుతుంది. 'మా పిల్లను పాడుచేసింది' అన్న నేరం ఎప్పుడూ కింది కులం పిల్ల మీదే పడుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలోని కౌన్సెలింగ్ కేంద్రంలో జరిగినది చెప్తాను. స్పిన్నింగు మిల్లులో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు, ఇరవై ఒకటి, ఇరవై మూడేళ్ల వాళ్లు, గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఒకమ్మాయి తండ్రి కూతురు కనిపించడం లేదని కేసు పెట్టాడు. పోలీసులు ఇద్దరినీ పట్టుకొచ్చి, 'మీరే చెప్పండమ్మా' అని కేంద్రానికి అప్పగించారు. అమ్మాయి అక్కడ ఒకే మాట పదే పదే అంది: 'నన్ను ఇంటికి మాత్రం పంపకండి మేడమ్.' ఎందుకని ఎవరూ అడగలేదు. తల్లి ఏడుస్తోంది, తండ్రి చేతులు జోడించాడు. కొట్టమని కాగితం మీద రాయించుకుని పంపించారు. పదిహేను రోజుల్లో ఆమెకు పెళ్లయిందని రెండో అమ్మాయి వచ్చి చెప్పింది. ఫోను అన్న దగ్గర ఉంది, ఆధార్ కార్డూ పదో తరగతి మెమో తండ్రి దగ్గర ఉన్నాయి. తరవాత ఆమె ఏమైందో మాకు చేరలేదు. కేంద్రం రిజిస్టరులో ఆ కేసు ఎదుట 'రాజీ అయినది' అని ఉంది.

ఆ రెండు మాటల దగ్గర మనం ఆగి ఆలోచించాలి. భర్త కొట్టిన స్త్రీ విషయంలో ఇలాంటి రాజీలు ఎంత ప్రమాదమో మనం దశాబ్దాలుగా చెప్తున్నాం. 'సర్దుకుపో' అన్న మాటను ప్రశ్నించే మన ఉద్యమం ఎదిగింది. కానీ అత్తింటి హింసను అంత నిశితంగా చూసిన మన కళ్లు పుట్టింటి దగ్గరకు వచ్చేసరికి మెత్తబడతాయి. పుట్టిల్లంటే ఆశ్రయం అన్న భావన మనలోనూ ఉంది. పెళ్లి వద్దన్న కూతురికి, ప్యాంటూ చొక్కా వేసుకుని తాను మగవాణ్ణని చెప్పే బిడ్డకు, ఇంటి లోపల జరిగేదేమిటి? గదిలో పెట్టి తాళం వేయడం, తిండి మాన్పించడం, ఫోను లాక్కోవడం, చదువు ఆపేయడం, మంత్రగాళ్ల దగ్గరకు తిప్పడం, 'మగవాడి రుచి తెలిస్తే అదే సర్దుకుంటుంది' అని హడావిడిగా పెళ్లి చేయడం. ఆ పెళ్లిలో మొదటి రాత్రి నుంచీ జరిగేది అత్యాచారమే. స్వలింగ ప్రేమికులూ ట్రాన్స్ వ్యక్తులూ పుట్టింట ఎదుర్కొన్న హింస మీద పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పి.యు.సి.ఎల్., 2023లో బహిరంగ విచారణ సాక్ష్యాలతో ఒక నివేదిక తెచ్చింది. అయినవాళ్ల వల్లే ఎక్కువ గాయాలన్నది ఆ నివేదిక శీర్షికలోనే ఉంది.

ఇప్పుడు చట్టం సంగతి. చేతిలో ఉన్న ఆయుధాలు మనం అనుకునే దానికన్నా ఎక్కువే.

మొదటిది, 2005 నాటి గృహహింస చట్టం. అది కోడళ్ల చట్టం మాత్రమే కాదు. రక్త సంబంధం వల్ల ఒకే ఇంట్లో ఉన్న కూతురు కూడా దాని కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. తండ్రి మీద, అన్న మీద రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. ప్రతివాది వయోజన పురుషుడే కావాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2016లో కొట్టివేసింది కాబట్టి తల్లి మీద కూడా అడగవచ్చు. తనను స్త్రీగా చెప్పుకోవడం ఇష్టంలేని వ్యక్తికి ఈ దారి ఇబ్బందే. ఆ నిర్ణయం ఆ వ్యక్తికే వదలాలి.

రెండవది, నిర్బంధం. హెబియస్ కార్పస్ కోసం అమరావతికో, హైదరాబాదుకో పోలేనివాళ్లకు దగ్గరి దారి ఒకటుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 100వ సెక్షన్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 97, ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, మొదటి తరగతి మేజిస్ట్రేటు అక్రమ నిర్బంధంలో ఉన్న మనిషి కోసం సోదా వారంటు ఇవ్వవచ్చు. అంటే ఆర్డీవో ఆఫీసుకు వెళ్లి కూడా అడగవచ్చు. లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి.

మూడవది, 2024 మార్చిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కోర్టులన్నిటికీ ఇచ్చిన మార్గదర్శకాలు. నిర్బంధంలో ఉందన్న వ్యక్తితో న్యాయమూర్తి ఒంటరిగా, కుటుంబం లేకుండా మాట్లాడాలి. వాయిదాలతో సాగదీయకూడదు. కౌన్సెలింగ్ పేరుతో ఆ వ్యక్తి లైంగికతనూ, జెండర్‌నూ మార్చే ప్రయత్నం చేయకూడదు. కుటుంబమంటే పుట్టినిల్లు మాత్రమే కాదు, ఎంచుకున్న కుటుంబం కూడా ఉంటుందని అందులో గుర్తించారు. ఈ నియమాలు న్యాయమూర్తులకు అవసరమైతే, మన సలహా కేంద్రాలకు అంతకన్నా అవసరం కాదా?

నాలుగవది, వైద్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 'మార్పిడి చికిత్స' వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కాబట్టి 'ఒకసారి మానసిక వైద్యుడికి చూపించండి' అని తల్లిదండ్రులకు తేలిగ్గా చెప్పకండి. బెంగతో, ఆత్మహత్య ఆలోచనతో ఉన్న మనిషికి వైద్యం తప్పక కావాలి. ప్రేమకు వైద్యం అక్కరలేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో మరో రెండు మాటలు. మన జెండర్‌ను మనమే నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో చెప్పింది. అయినా నిజాం కాలం నాటి 1329 ఫస్లీ చట్టం, ఆడబట్టలతో వీధిలో కనిపించిన మనిషిని వారంటు లేకుండా పట్టుకోనిచ్చే చట్టం, తెలంగాణలో 2023 జూలైలో హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో అలాగే ఉంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం కూడా పుట్టింటినే రక్షణగా తలచింది. ఇల్లు పొమ్మంటే పునరావాస కేంద్రం అంది తప్ప, వాళ్లను నిజంగా పెంచి కాపాడే హిజ్రా కుటుంబాలను కుటుంబాలుగా గుర్తించలేదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ట్రాన్స్ మహిళను స్త్రీగానే చూడాలనీ, భర్త, అత్తమామల క్రూరత్వం మీద 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకూ ఉందనీ చెప్పింది. ఆ కేసులో ఆధారాలు చాలలేదని ఫిర్యాదును కొట్టివేసినా, సూత్రం మిగిలింది. రేపు ఒక ట్రాన్స్ మహిళ భర్త కొట్టాడని మన కేంద్రానికి వస్తే, 'ఇది మా పరిధి కాదు' అనడానికి ఇక కారణం లేదు.

ఇంకొక మనిషిని మరవకూడదు. మగవాళ్లను ప్రేమించే మగవాడికి ఇంట్లోవాళ్లు బలవంతంగా చేసిన పెళ్లిలోని భార్య. 'ఆయన నా వైపు చూడడు మేడమ్' అంటూ మన దగ్గరకు వచ్చే ఆ స్త్రీ బాధ చిన్నది కాదు. ఆమెకు నిజం తెలియాలి, విడిపోయే హక్కూ భరణమూ దక్కాలి. అయితే ఆ కోపాన్ని మొత్తంగా స్వలింగ ప్రేమికుల మీదకు మళ్లించడం న్యాయం కాదు. ఇద్దరి జీవితాలనూ ముడివేసింది పెళ్లి తప్పనిసరి అన్న అదే శాసనం. మగవాడు కాబట్టి అతనికి బయట తిరిగే వీలుంది, ఆమెకు లేదు అన్న తేడాను మాత్రం మనం ఎప్పుడూ మరవం.

కార్యకర్తలు అడిగే ఒక ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. 'ఈ కేసులు పట్టుకుంటే ఊళ్లో మన సంఘం నిలబడుతుందా? డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లు మీటింగుకు వస్తారా?' ఇది పిరికి ప్రశ్న కాదు. హైదరాబాదులో కూర్చుని రాసే నాకన్నా ఆ ఊళ్లోనే అద్దె ఇంట్లో ఉండే కార్యకర్తకు ప్రమాదం ఎక్కువ. అయితే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీదకు వెళ్లినప్పుడు ఊరి పెద్దలు వాళ్లను మెచ్చుకోలేదు. మొదటి కట్నం కేసు పెట్టినప్పుడూ కాపురాలు కూలుస్తున్నారన్నారు. నిలబడ్డ తరవాతే జనం వచ్చారు. కాకపోతే ఈ బరువును ఒంటరి కార్యకర్త భుజాన వేయకూడదు. సంఘం కార్యవర్గం కూర్చుని తీర్మానం చేయాలి, రాతలో పెట్టాలి. రాత్రి పదకొండింటికి అమ్మాయి అన్నలు మనుషుల్ని వేసుకుని వచ్చినప్పుడు ఎవరికి ఫోను చేయాలో, ఏ జిల్లాలో ఎవరి దగ్గర ఆ అమ్మాయిని ఉంచాలో ముందే తెలిసి ఉండాలి.

అందుకు మనం ఇప్పటికిప్పుడు మొదలు పెట్టగలిగినవి కొన్ని. వచ్చిన మనిషితో ఒంటరిగా మాట్లాడకుండా ఇంటికి ఫోను చేయకూడదు. ఆమె లేదా అతని వయసు రుజువు, ఆధార్ నకలు, స్వయంగా రాసిన వాంగ్మూలం మొదటి రోజే భద్రపరచాలి. 'నా ఇష్టంతో ఇల్లు వదిలాను' అని పోలీసులకు రాసిన కాగితం మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఎందుకంటే వెనకాల వచ్చేది అదృశ్యం కేసో, కిడ్నాప్ కేసో. పద్దెనిమిది నిండని పిల్లలైతే బాలల సంక్షేమ కమిటీ ముందుకు మనమూ వెళ్లాలి, ఒంటరిగా పంపకూడదు. ఇద్దరు వస్తే ఇద్దరినీ కలిపి ఉంచాలి. మన హోముల్లో అది వీలుకాదంటే ఆ నిబంధనను మార్చుకోవాలి. మనిషి ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతోనే పిలవాలి. మన ఆఫీసుల్లో 'తేడా', 'కొజ్జా' అన్న మాటలు నవ్వులాటకు కూడా వినపడకూడదు.

బయటపడ్డాక బతుకు గడవాలి కదా. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ జంటలకు పెళ్లి హక్కు లేదంది, అది పార్లమెంటు తేల్చాలంది. ఆ తరవాత 2024లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి జంటలను రేషను కార్డు కోసం ఒకే కుటుంబంగా చూడాలనీ, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డంకి లేదనీ స్పష్టం చేసింది. ఈ సంగతి ఎంతమంది తహసీల్దార్లకు తెలుసు? దరఖాస్తు పట్టుకుని వాళ్లతో పాటు కార్యాలయం మెట్లెక్కడం మనకు కొత్త పనా? ఒంటరి స్త్రీల రేషను కార్డుల కోసం, పింఛన్ల కోసం మనం ఎక్కని మెట్లున్నాయా?

నేను చెప్పదలచుకున్నది ఇంతే. కొత్త ఉద్యమం కట్టమని కాదు, మన ఉద్యమం నేర్పిన పాఠాన్ని గడప దగ్గర ఆపేయవద్దని. హింస జరిగే ఇంటికి స్త్రీని తిరిగి పంపకూడదని మనం నేర్చుకున్నాం. ఆ ఇల్లు పుట్టిల్లయినా, ఆ మనిషి స్త్రీని ప్రేమించిన స్త్రీ అయినా, పుట్టుకతో పెట్టిన పేరు వదిలేసిన మనిషి అయినా ఆ పాఠం మారదు.

వచ్చే మూడు నెలల్లో మీ కేంద్రాల పాత రిజిస్టర్లు తీసి చూడండి. 'స్నేహితురాలితో వెళ్లిపోయింది', 'పెళ్లికి నిరాకరణ', 'ప్రవర్తన బాగోలేదు' అన్న పద్దుల కింద ఎవరున్నారో, ఎందరిని 'రాజీ అయినది' అని రాసి పంపించామో చూడండి. పేర్లు, ఊర్లు లేకుండా మాకు రాయండి. మీకు ఎదురైన చిక్కులూ, మీరు విభేదించే అంశాలూ రాయండి. వచ్చే సంచికలో చర్చ అక్కడి నుంచి సాగిద్దాం.